సియెర్రాలో రికార్డు మంచు: కరవు తీరినట్టేనా?

మాధవి_సన్నీవేల్ | 28 డిసెంబర్ 2021

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల్లోని డోనర్ కనుమ దగ్గర బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారి మంచు పరిశోధన కేంద్రంలో ఈ ఒక్క నెలలోనే 193 అంగుళాల పైచిలుకు మంచు కురిసిందని నిన్న వార్త వచ్చింది. డిసెంబర్ నెలకు 1970లో నమోదైన 179 అంగుళాల రికార్డు దాటిపోయింది. మొన్న ఆగస్టులో ఒరోవిల్ జలాశయం అడుగంటి, అక్కడి విద్యుత్కేంద్రాన్ని 1967 తర్వాత మొట్టమొదటిసారి నీళ్ళు లేక ఆపేశారు. ఆ ఫొటోలు చూసి ఎంత దిగులు పడ్డామో, ఇప్పుడు ఈ మంచు చూసి అంత ఊరటగా ఉంది. కానీ మా శాంటా క్లారా కౌంటీలో 2019 కంటే 15 శాతం తక్కువ నీరు వాడాలన్న పిలుపు మాత్రం ఎత్తేసే సూచనే లేదు. ఎవరిని కదిపినా "ఇక కరవు పోయినట్టే" అంటున్నారు. నిజంగా పోయిందా? నీటి పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా వివరంగా చెప్పగలరా?

టాహో_దారి | 28 డిసెంబర్ 2021

డోనర్ కనుమ పక్కనున్న ట్రకీ ఊళ్ళో ఇరుక్కుపోయి రాస్తున్నాను. 80వ నంబరు రహదారి మూసేశారు. కింది అంతస్తు కిటికీలు పూర్తిగా కప్పుకుపోయాయి, పగలే దీపాలు వేసుకున్నాం. ఉదయం కారు వెతకడానికి పార పట్టుకుని వెళ్ళాను. పైన అడుగు మందం దూదిలా తేలిపోయింది. దాని కింద గట్టి పొర, ఇంకా కిందికి వెళ్తే పార దిగడమే కష్టం. ఇంత మంచును కళ్ళారా చూసినవాడికి కరవు ఇంకా ఉందంటే నమ్మబుద్ధి కాదు.

నీటిలెక్క | 28 డిసెంబర్ 2021

మాధవి గారూ, తీరలేదు. నేను శాక్రమెంటోలో జలవనరుల ఇంజనీరుగా పనిచేస్తున్నాను. నాకు తెలిసినంత వరకు చెబుతాను.

మొదట రిజర్వాయర్ల సంగతి. ఈ రోజు ఒరోవిల్ సుమారు 40 శాతం దగ్గర ఉంది. రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్దదైన షాస్తా మూడో వంతుకు అటూ ఇటూగా ఉంది. కొండల్లో పడిన మంచు ఇప్పుడే రిజర్వాయర్లలో ఒక్క అంగుళం కూడా పెంచదు, ఎందుకంటే అది ఇంకా కొండ మీదే ఉంది. ఏప్రిల్ నుంచి జూలై దాకా మెల్లగా కరిగి దిగాలి. సగటు సంవత్సరంలో కాలిఫోర్నియా నీటి అవసరాల్లో దాదాపు 30 శాతం ఇలా మంచు నుంచే వస్తుంది. మంచును మనం నాలుగో నెలలో తెరిచే నిల్వగా చూడాలి. డిసెంబర్‌లో దాన్ని ఖర్చు రాసుకోకూడదు.

రెండోది కాలం. ఇక్కడ ఏడాది వర్షపాతంలో సుమారు సగం డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే పడుతుంది. మొదటి నెల అద్భుతంగా ఉంది. మిగతా రెండూ చేతికి రాలేదు.

మూడోది గత ఏప్రిల్ నేర్పిన పాఠం, నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదే. 2021 ఏప్రిల్ 1న మంచు నిల్వ సగటులో 59 శాతం ఉంది. తక్కువే, కానీ దాన్నిబట్టి ఎంత నీరు దిగుతుందో లెక్క వేశాం. దిగలేదు. లక్షల ఎకరా-అడుగుల తేడా వచ్చింది (ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు). రెండేళ్ళుగా ఎండిన నేల ముందు తాను తాగింది, వేడి గాలి కొంత ఎత్తుకుపోయింది, వాగుల దాకా వచ్చింది మిగిలినదే.

ఆశ కలిగించే మాట కూడా చెప్పాలి. అక్టోబర్ 24న వచ్చిన అట్మాస్ఫియరిక్ రివర్ (సముద్రం మీంచి నదిలా సాగివచ్చే తేమ గాలి) తుపానులో శాక్రమెంటోలో 24 గంటల్లో 5.44 అంగుళాల వాన పడింది, అదీ రికార్డే. ఆ వాన నేలను బాగా తడిపింది. ఆ తడి మీద ఈ మంచు పడింది కాబట్టి, వసంతంలో ఎక్కువ భాగం వాగుల్లోకి వస్తుందని నా ఆశ.

శేషయ్య_నంద్యాల | 29 డిసెంబర్ 2021

నేను నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఫోల్సమ్‌లో ఉంటుంది, ఈ చలికాలం ఇక్కడే ఉన్నాను. మన వాళ్ళకు ఎకరా-అడుగులు చెబితే మనసుకు అందదు, కనుక టీఎంసీల్లోకి మార్చాను. ఒక టీఎంసీ సుమారు 22,957 ఎకరా-అడుగులు. షాస్తా పూర్తి సామర్థ్యం 45.5 లక్షల ఎకరా-అడుగులు, అంటే దాదాపు 198 టీఎంసీలు. పూడిక పోగా ఇప్పుడు శ్రీశైలంలో పట్టేది 215 టీఎంసీలు. కాబట్టి షాస్తా మన శ్రీశైలానికి కాస్త చిన్నదన్నమాట. ఒరోవిల్ 150 టీఎంసీల పైచిలుకు.

నీటిలెక్క గారు చెప్పిన నేల దాహం మాకు కొత్త కాదు. వేసవిలో నెర్రెలిచ్చిన నల్లరేగడి తొలకరి వానను ఎలా మింగేస్తుందో మా వైపు ప్రతి రైతూ చూస్తాడు, మొదటి రెండు వానలకు చెరువులోకి చుక్క చేరదు. మాకు పైన మంచు లేదు. జూలై నుంచి అక్టోబర్ లోపు కృష్ణకు వచ్చిందే వరద, పట్టుకున్నదే నీరు. మీకు కొండే రెండో రిజర్వాయర్. ఆ భాగ్యం ఎంత పెద్దదో ఇక్కడివాళ్ళు గుర్తించాలి.

నీటిలెక్క | 30 డిసెంబర్ 2021

ఈ రోజు 50వ నంబరు రహదారి పక్కన ఫిలిప్స్ స్టేషన్‌లో రాష్ట్ర జలవనరుల శాఖ సీజన్ తొలి కొలత తీసింది. మంచు లోతు 78.5 అంగుళాలు. దాన్ని కరిగిస్తే వచ్చే నీరు 20 అంగుళాలు. ఆ చోటికి ఈ తేదీ సగటులో 202 శాతం. రాష్ట్రమంతటా చూస్తే 160 శాతం.

కొలిచే తీరు చూడనివారి కోసం: పళ్ళున్న అంచుతో ఒక పొడవాటి అల్యూమినియం గొట్టం ఉంటుంది. దాన్ని నేల తగిలేదాకా నిలువుగా దించి, తిప్పుతూ పైకి లాగుతారు. కింది చివర కాస్త మట్టి అంటుకుని వస్తేనే కొలత సరైనది, అడుగుదాకా దిగినట్టు అదే సాక్ష్యం. ఆ మట్టిని కత్తితో గీకేసి, గొట్టాన్ని మంచుతో సహా స్ప్రింగ్ త్రాసుకు తగిలిస్తారు. ఖాళీ గొట్టం బరువు తీసేస్తే మిగిలేది నీటి అంగుళాలు. త్రాసు మీద గీతలే అలా గీసి ఉంటాయి. లోతు ఎంతన్నది వార్తలకు పనికొస్తుంది, మాకు కావలసింది బరువు.

ఫ్రెస్నో_తోటమాలి | 1 జనవరి 2022

కొత్త సంవత్సర శుభాకాంక్షలు. నేను ఒక బాదం తోట బాధ్యతలు చూస్తాను. డిసెంబర్ 1న, రాష్ట్రం నడిపే కాలువల వ్యవస్థ అయిన స్టేట్ వాటర్ ప్రాజెక్ట్ తొలి కేటాయింపు ప్రకటించింది: తాగునీరు, ఆరోగ్య అవసరాలు తప్ప సున్నా. మాకు నీరిచ్చే, కేంద్ర ప్రభుత్వం నడిపే సెంట్రల్ వ్యాలీ ప్రాజెక్ట్ మాట ఫిబ్రవరిలో తేలుతుంది. పెరిగిన బాదం తోటకు ఏడాదికి ఎకరానికి మూడు నాలుగు అడుగుల నీరు కావాలి. పత్తి అయితే ఈ ఏడు వేయం అనుకోవచ్చు. చెట్టుకు ఆ వెసులుబాటు లేదు, పాతికేళ్ళు ప్రతి వేసవిలో తాగాల్సిందే. కాలువలో రాకపోతే బోరు వేసి తోడడమే. మా చుట్టుపక్కల అందరం అదే చేస్తున్నాం. అందుకే నీటిమట్టం ఏటా దిగుతోంది, పడమటి వైపు కొన్నిచోట్ల నేలే కుంగింది. మంచు చూసి సంతోషపడ్డాను, దాచను. కానీ రిజర్వాయర్ నిండినంత మాత్రాన భూమి లోపలి కరవు తీరదు.

రవి_ఎల్క్‌గ్రోవ్ | 2 జనవరి 2022

ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. అక్టోబర్ తుపాను నీళ్ళలో ఎంత సముద్రంలో కలిసిపోయింది? 2014లో ప్రజలు ఓటు వేసి ప్రొపొజిషన్ 1 అనే నీటి బాండ్ల ప్రతిపాదన కింద నిల్వ పనులకే 270 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఏడేళ్ళు దాటింది, కట్టదలచిన సైట్స్ రిజర్వాయర్‌కు ఒక్క తట్ట మట్టి ఎత్తలేదు. 15 లక్షల ఎకరా-అడుగులు పట్టేది. మనల్ని స్నానం తగ్గించమని చెప్పేముందు కట్టాల్సినవి కట్టాలి.

నీటిలెక్క | 2 జనవరి 2022

రవి గారూ, నిల్వ పెంచాలన్న మాటతో నాకు విరోధం లేదు. సైట్స్ లాంటివి ఆలస్యం కావడం బాధాకరమే. అయితే గత వేసవిలో మనకు లేనిది డ్యాము కాదు, నీరు. ఒరోవిల్‌లో నాలుగింట మూడు వంతులు ఖాళీగా ఉన్నప్పుడు పక్కన మరొకటి ఉన్నా అదీ ఖాళీగానే ఉండేది. కొత్త నిల్వ 2017, 2019 లాంటి వరద ఏళ్ళలో పనికొస్తుంది.

సముద్రంలోకి వెళ్ళేదంతా వృథా అనకండి. శాక్రమెంటో, సాన్ వాకీన్ నదులు కలిసే డెల్టాలో మంచినీటి ఒత్తిడి తగ్గితే శాన్‌ఫ్రాన్సిస్కో ఖాతం నుంచి ఉప్పునీరు లోపలికి వస్తుంది. దక్షిణాదికి నీరు తోడే పంపులు ఆ డెల్టాలోనే ఉన్నాయి. ఉప్పును ఆపడానికి గత వేసవిలో వెస్ట్ ఫాల్స్ నదికి అడ్డంగా రాళ్ళతో తాత్కాలిక కట్ట వేయాల్సి వచ్చింది. మీరు ఎల్క్ గ్రోవ్‌లో ఉన్నారు, ఒక గంట కారులో వెళ్తే ఆ డెల్టా ఊళ్ళ రైతులే చెబుతారు.

ఫ్రెస్నో_తోటమాలి | 3 జనవరి 2022

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. నేనైతే కాంక్రీటు కంటే ముందు నేలను వాడమంటాను. జనవరిలో చెట్లు నిద్రలో ఉంటాయి. వరద వచ్చినప్పుడు ఇసుక నేల ఉన్న తోటల్లోకి, ఖాళీ పొలాల్లోకి ఆ నీటిని మళ్ళిస్తే అది మెల్లగా కిందికి ఇంకుతుంది. డ్యాము కట్టడానికి పట్టే కాలంలో వెయ్యో వంతు చాలు. అడ్డం వచ్చేది నీటి హక్కుల కాగితాలు, వరద వచ్చే వారంలో అనుమతి చేతికి రాదు.

మాధవి_సన్నీవేల్ | 9 జనవరి 2022

ఒరోవిల్‌లో విద్యుదుత్పత్తి 4వ తేదీన మళ్ళీ మొదలైందని చదివి సంతోషించాను. ఇంకో సందేహం. కరవులో కూడా చలికాలంలో కొన్ని డ్యాముల నుంచి నీళ్ళు కిందికి వదులుతారని విన్నాను. ఒక్కో చుక్కా దాచుకోవాల్సినప్పుడు వదలడం ఎందుకు?

శేషయ్య_నంద్యాల | 9 జనవరి 2022

దీనికి నేను జవాబు చెబుతాను తల్లీ, వరద కోసం డ్యాములో జాగా ఖాళీ ఉంచడానికే వదులుతారు. ఆ జాగా లేకపోతే ఏమవుతుందో చూసినవాణ్ణి. 2009 అక్టోబర్ మొదట్లో శ్రీశైలం నిండుగా ఉంది. పైన తుంగభద్ర, కృష్ణ, హంద్రీ అన్నీ ఒకేసారి వచ్చాయి. పూర్తి మట్టం 885 అడుగులు, నీరు దాన్ని దాటి పది అడుగులకు పైగా ఎక్కింది. కర్నూలు ఊరు మునిగింది. గేట్లన్నీ ఎత్తినా వచ్చే నీరు పోయే నీటికన్నా ఎక్కువ. ఆ రాత్రి డ్యాము మీద ఉన్నవాళ్ళ ప్రాణాలు ఎలా ఉన్నాయో నాకు తెలుసు. వరద కాలంలో డ్యాము నిండుగా ఉంచుకోవడం ఇంజనీరుకు సుఖం కాదు, భయం.

నీటిలెక్క | 10 జనవరి 2022

శేషయ్య గారికి నమస్కారం. ఇక్కడ ఆ భయం 2017 ఫిబ్రవరిలో ఒరోవిల్‌లో కలిగింది. ప్రధాన స్పిల్‌వే (మిగులు నీటిని కిందికి దింపే దారి) బద్దలై, అత్యవసర స్పిల్‌వే కింద కొండ కోసుకుపోతుంటే దాదాపు 1,88,000 మందిని ఖాళీ చేయించారు. దాని ముందు ఐదేళ్ళు కరవు. ఇలాంటి వరదల కోసమే చలికాలంలో ఒరోవిల్‌లో 7.5 లక్షల ఎకరా-అడుగుల దాకా చోటు ఖాళీగా ఉంచాలన్న నియమం ముందునుంచే ఉంది. ఇప్పుడు సగానికి పైగా ఖాళీ కాబట్టి అక్కడ ఆ ప్రశ్నే రాదు. చిన్న రిజర్వాయర్లు మాత్రం ఒక్క తుపానుకు, దాటకూడదని నియమం పెట్టిన గీత దాకా వచ్చేస్తాయి.

మార్పు వస్తోంది. ఆ గీతలు చాలా వరకు ఉపగ్రహాలు లేని రోజుల్లో క్యాలెండర్ చూసి గీసినవి. లేక్ మెండొసినో అనే చిన్న జలాశయంలో తుపాను అంచనాలనుబట్టి నీరు ఉంచాలా, వదలాలా అని నిర్ణయించే ప్రయోగం చేశారు. 2020లో, అంత ఎండు సంవత్సరంలో, 11,000 ఎకరా-అడుగులకు పైగా అదనంగా మిగిలింది. ప్రతి పెద్ద డ్యాముకూ ఇది రావాలి. నా వృత్తి జీవితంలో నేను చూడాలనుకునే పని ఇదొక్కటే.

టాహో_దారి | 2 ఫిబ్రవరి 2022

నెలంతా ఒక్క చినుకు లేదు. ఆకాశం నీలంగా, ఎండ వసంతంలో ఉన్నట్టు ఉంది. నిన్నటి కొలతలో ఫిలిప్స్ దగ్గర 48.5 అంగుళాలే ఉందట.

నీటిలెక్క | 2 ఫిబ్రవరి 2022

అవును. లోతు 48.5, నీరు మాత్రం 19 అంగుళాలు. చూశారా, లోతు 30 అంగుళాలు తగ్గినా నీరు తగ్గింది ఒక్క అంగుళమే. మంచు అణిగి గట్టిపడింది తప్ప పోలేదు. పోతున్నది మన ఆధిక్యం. సగటు సంవత్సరంలో జనవరి అంతా నిల్వ పెరుగుతూ ఉండాలి, ఇక్కడ ఆగిపోయింది. 160 శాతం నుంచి రాష్ట్రం 92 శాతానికి దిగింది. జనవరి 20న స్టేట్ వాటర్ ప్రాజెక్ట్ కేటాయింపును, అడిగిన నీటిలో 15 శాతానికి పెంచింది. డిసెంబర్ మంచు పుణ్యమే అది. అది నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు.

ఫ్రెస్నో_తోటమాలి | 26 ఫిబ్రవరి 2022

సెంట్రల్ వ్యాలీ ప్రాజెక్ట్ 23న చెప్పేసింది: వ్యవసాయానికి సున్నా. అదే వారం తెల్లవారుజామున గడ్డకట్టే చలి. పూత మొత్తం విచ్చి ఉంది, కొన్నిచోట్ల పిందె కట్టింది. మామూలుగా అలాంటి రాత్రి తోటలో నీళ్ళు పారిస్తాం. నేల తడిగా ఉంటే గాలి వేడి ఒకటి రెండు డిగ్రీలు నిలుస్తుంది, ఆ రెండు డిగ్రీలతోనే పంట దక్కుతుంది. ఈసారి ఏ వరుసలకు నీరు పెట్టాలి, ఏవి వదులుకోవాలి అని రాత్రి పన్నెండు గంటలకు ఎంచాల్సి వచ్చింది. ఉదయం పిందెను గోటితో చీలిస్తే లోపల గోధుమరంగు. పల్లంగా ఉన్న మడిలో చేతికి దొరికినవన్నీ అలాగే ఉన్నాయి.

మాధవి_సన్నీవేల్ | 26 ఫిబ్రవరి 2022

చదువుతుంటే బాధగా ఉంది అన్నా. మేము బాదం ఒక పొట్లంగానే చూస్తాం.

రవి_ఎల్క్‌గ్రోవ్ | 19 మార్చి 2022

స్టేట్ వాటర్ ప్రాజెక్ట్ కేటాయింపు 15 నుంచి 5 శాతానికి తగ్గించారు. మార్చి 1 కొలతకే రాష్ట్రం 63 శాతానికి పడిపోయింది, ఇది ఊహించిందే. నా వాదన మారలేదు, నిల్వ కావాలి. కాకపోతే తోటమాలి గారు చెప్పిన భూగర్భ నిల్వ గురించి మా ప్రతినిధి కార్యాలయానికి రాశాను. 2014 భూగర్భ జలాల చట్టం కింద స్థానిక సంస్థలు 2040 నాటికి తోడేదీ ఇంకేదీ సమం చేయాలట. ఇంకించకుండా అది జరిగే పని కాదు.

నీటిలెక్క | 1 ఏప్రిల్ 2022

ఫిలిప్స్ స్టేషన్: లోతు 2.5 అంగుళాలు. నీరు 1 అంగుళం. సగటులో 4 శాతం. రాష్ట్రం మొత్తం 38 శాతం.

సియెర్రాకు జనవరి, ఫిబ్రవరి, మార్చి కలిపి ఇంత ఎండుగా గడవడం వందేళ్ళకు పైగా ఉన్న రికార్డుల్లో లేదు. ఏడాదిలో మంచు నిల్వ పతాకస్థాయిలో ఉండాల్సిన రోజు ఈ రోజు. 2015లో ఇదే తేదీన గవర్నర్ జెర్రీ బ్రౌన్ అదే మైదానంలో ఎండుగడ్డి మీద నిలబడి పట్టణాలకు 25 శాతం కోత ప్రకటించారు. అప్పుడు రాష్ట్ర నిల్వ 5 శాతం. ఈసారి అంతకన్నా మెరుగే, కానీ రిజర్వాయర్లు చూడండి: షాస్తా 40 శాతం లోపే, ఒరోవిల్ సగానికి తక్కువే. ముందున్నవి ఆరు ఎండు నెలలు.

డిసెంబర్ మంచు వృథా కాలేదని కూడా చెప్పాలి. అది లేకపోతే ఈ రోజు మనం మాట్లాడుకునే అంకెలు భయంకరంగా ఉండేవి.

వేగస్_కిరణ్ | 3 ఏప్రిల్ 2022

మా లాస్ వేగస్ వైపు మాట ఒకటి. కొలరాడో నది మీది మా జలాశయం లేక్ మీడ్ మూడో వంతుకు వచ్చింది. ఆ నది మీద చరిత్రలో తొలి కొరతను గత ఆగస్టులోనే ప్రకటించారు. రాకీ పర్వతాల మంచే మాకూ ఆధారం. మా ఊళ్ళో ఇంట్లో వాడి మురుగులోకి పోయిన నీరు శుద్ధి అయి మళ్ళీ మీడ్‌లోకే చేరుతుంది. బయట గడ్డికి పోసింది మాత్రం తిరిగి రాదు. అందుకే ఇక్కడ పోరంతా గడ్డి మీదే. ఎవరూ నడవని అలంకార పచ్చికకు 2026 తర్వాత కొలరాడో నీరు వాడకూడదని నెవాడాలో నిరుడే చట్టం చేశారు. దక్షిణ కాలిఫోర్నియా కూడా ఈ నది నీరే తాగుతుంది కాబట్టి, మీ కరవూ మా కరవూ వేరు కావు.

ఫ్రెస్నో_తోటమాలి | 10 ఏప్రిల్ 2022

సలహా కావాలి. మా తోటలో పనిచేసే ఒక కుటుంబం తోటను ఆనుకునే ఉంటుంది. వాళ్ళ ఇంటి బోరు లోతు తక్కువ, నిన్నటి నుంచి గాలి, ఇసుక కలిసి వస్తోంది. ముగ్గురు చిన్నపిల్లలు. మా తోట బోరు చాలా లోతు, నీరు ఉంది. 2014లో ఈస్ట్ పోర్టర్‌విల్ అనే ఊళ్ళో ఇళ్ళ బోర్లు వరసగా ఎండినప్పుడు జనం పడ్డ పాట్లు ఇక్కడ అందరికీ గుర్తే. తోట బోరు నుంచి వాళ్ళ ఇంటికి గొట్టం వేద్దామనుకుంటున్నాను. యజమాని ఒప్పుకున్నారు. చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

శేషయ్య_నంద్యాల | 10 ఏప్రిల్ 2022

వెంటనే ఆ ఇంటి మోటారు ఆపించు బాబూ. ఇసుక వస్తుంటే మోటారు కాలిపోతుంది. నాలుగైదు గంటలు విరామం ఇచ్చి, బోరులోకి తాడు దించి నీటిమట్టం చూడండి. కాస్త ఊరుతుంటే పంపును కిందికి దించితే కొన్నాళ్ళు గడుస్తుంది. గొట్టం వేసేటప్పుడు నీరు వెనక్కి పోకుండా చెక్ వాల్వు మరిచిపోవద్దు.

నీటిలెక్క | 10 ఏప్రిల్ 2022

గొట్టం వేయండి, కానీ ఆ నీరు తాగడానికి ఇవ్వకండి, ముందు ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఎరువుల వల్ల ఆ ప్రాంతపు బోరు నీళ్ళలో నైట్రేట్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పసిపిల్లలకు అది ప్రమాదం, మరగబెడితే పోదు సరికదా ఇంకా చిక్కబడుతుంది. ఫలితం వచ్చేదాకా స్నానానికి, బట్టలకు వాడుకోమనండి, తాగడానికీ వంటకీ సీసా నీళ్ళు కొనివ్వండి. రాష్ట్ర జలవనరుల శాఖకు ఎండిన ఇంటి బోర్ల వివరాలు తెలిపే పేజీ ఉంది, అందులో ఈ రోజే నమోదు చేయించండి. కౌంటీ అత్యవసర సేవలవారికి కూడా ఫోను చేసి, పిల్లలున్నారని స్పష్టంగా చెప్పి, ట్యాంకు పెట్టి నీరు పోసే సాయం ఉందేమో అడగండి. దరఖాస్తులు ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉంటాయి. నింపడానికి సాయం కావాలంటే నాకు ఇక్కడే సందేశం పెట్టండి, ఈ రాత్రికి కూర్చుందాం.

ఫ్రెస్నో_తోటమాలి | 11 ఏప్రిల్ 2022

మోటారు నిన్ననే ఆపించాను. నమూనా సీసా ఈ ఉదయం ప్రయోగశాలకు ఇచ్చాను. గొట్టం, చెక్ వాల్వు కొన్నాం, మధ్యాహ్నానికి కలుపుతాం. దరఖాస్తు సగం అయింది, బోరు లోతు రాసే చోట ఆగాం. తవ్వినవాళ్ళ కాగితం వాళ్ళ దగ్గర లేదు. సాయంత్రం ఏడు తర్వాత మీకు వీలవుతుందా?

నీటిలెక్క | 11 ఏప్రిల్ 2022

అవుతుంది. బోరు తవ్వకాల నివేదికలు రాష్ట్రం దగ్గర ఉంటాయి, చిరునామా పంపితే ఈలోపు వెతికి పెడతాను.